అణుబాంబుకి వన్స్ మోర్

గాజువాకలో అర్జునరావు ఇంటి కాలింగ్ బెల్ స్విచ్చి రెండువేల రెండు వేసవిలో మాయమైంది. గుమ్మం పక్క గోడలోంచి రెండు వైర్లు మాత్రం వేలాడుతూ ఉండేవి. వచ్చినవాళ్ళు తలుపు దబదబా బాదుతుంటే ఆయన భార్య గంగాలమ్మ వంటింట్లోంచి అరిచేది: "వత్తన్నాను, వత్తన్నాను! బెల్లు మా ఆయన పట్టుకుపోనారు. అణుబాంబుకి పెట్టీసినారు."

పాలవాడు మొదట్లో నవ్వాడు. ఆ వేసవిలో పేపరు చదివి చదివి, తరవాత తరవాత ఆ ఇంటి వైపు కాస్త అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు.

గంగాలమ్మ అబద్ధమేమీ ఆడలేదు. కాకపోతే విషయం మొదట్నుంచీ చెప్పుకు రావాలి.

అర్జునరావు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటరు. పుట్టింది రాజాం దగ్గర ఓ పల్లె. ఉన్న కాస్త పొలం అన్నదమ్ములందరి కడుపులూ నింపదని తేలిపోయాక విశాఖపట్నం వచ్చి, ఫ్యాక్టరీ కట్టే రోజుల్లోనే పనిలో చేరాడు. క్రేను కడుపు కోసం. ప్రాణమంతా నాటకం మీద. పల్లెలో ఓ హార్మోనియం మాస్టారు నేర్పిన పద్యాలు ఆయన గొంతులో పడి ముదిరిపోయాయి. క్రేను కేబిన్లో కూర్చుని ఆయన రాగం తీస్తే, కింద పనిచేసేవాళ్ళు మిషనేదో చెడిందనుకుని తలలెత్తి చూసేవారు. కొత్తగా చేరిన ఓ ఇంజినీరు రెండుసార్లు మెకానిక్కుని కూడా పిలిపించాడు.

వేసినవన్నీ రాజు వేషాలే. మనిషి పొట్టి, పొట్ట ముందుకి, కుడికన్ను కొంచెం మెల్ల. అయినా కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే ఇవేవీ ఎవరికీ కనబడేవి కావు. ఆయనకి ఉన్న ఒకే ఒక్క దురలవాటు వన్స్ మోర్. సిగరెట్టు లేదు, చుక్క లేదు, పేకముక్క ముట్టడు. జనంలోంచి ఎవరైనా వన్స్ మోర్ అన్నారా, ఇక ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

పద్య నాటకంలో వన్స్ మోర్ అనేది జనం హక్కు. పద్యం నచ్చితే మళ్ళీ పాడమంటారు, పాడాలి. అప్పటికే ఆ రాజు యుద్ధంలో చచ్చిపడి ఉన్నా సరే, లేచి, మీసం సర్దుకుని, పాడి, మళ్ళీ పడి చావాలి. చచ్చినవాడు ఎలా లేస్తాడని అడిగేవాడు అసలు నాటకం చూడటానికే పనికిరాడు. భీమిలిలో ఓసారి అర్జునరావు మూడుసార్లు చచ్చాడు. నాలుగోసారి లేవబోతుంటే, ఆయన్ని చంపిన వీరుడే వంగి కాళ్ళు పట్టుకుని, "బావా, ఆకరి బస్సెల్లిపోద్ది, ఇంక సచ్చిపో" అని బతిమాలుకున్నాడు.

తొంభైలు దాటేసరికి ఈ వైభవం కాస్తా అటకెక్కింది. ఇంటింటికీ టీవీ వచ్చింది. జాతర్లకి రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. రాజుల్ని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఆయన ఉన్న సాగర కళా సమితి కూడా పద్యాన్ని వదిలేసి సాంఘిక నాటికలకి తిరిగింది. తిప్పినవాడు శ్రీరామ్మూర్తి. పోర్టు ఆఫీసులో గుమాస్తా, ద్వారకా నగర్లో కాపురం, జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. ఒకటి రాయడానికి, ఒకటి కొట్టెయ్యడానికి. నాటిక ఆయనే రాస్తాడు, ఆయనే నేర్పుతాడు, ఎవరైనా ఒక్క మాట మార్చి పలికితే ఆయనకే జ్వరం వస్తుంది. పద్యమంటే ఆయనకి ఒళ్ళు మంట.

ఇక ఆ వేసవి సంగతి. సరిహద్దులో రెండు దేశాల సైన్యాలూ ఎదురెదురుగా మోహరించి నెలలు గడిచిపోతున్నాయి. రెండింటి దగ్గరా అణుబాంబులున్నాయి. గాజువాక టీకొట్టు దగ్గర పొద్దుటి టీకి ఒకసారి, సాయంత్రం టీకి ఒకసారి అణుయుద్ధం జరిగిపోయేది. ముందు మనం వెయ్యాలా, వాళ్ళు వేసేదాకా ఆగాలా అన్నది వాదన. గ్లాసు ఖాళీ అయ్యేసరికి అటు పక్క ఒక్కడూ మిగిలేవాడు కాదు. ఇటు పక్క మాత్రం అందరూ క్షేమంగా మిగిలి రెండో టీ చెప్పేవారు.

"నేవీ మనకాడే, పోర్టు మనకాడే, ఉక్కు మనకాడే," అనేవాడు అర్జునరావు కూడా, ఛాతీ విరుచుకుని. "మొదటి బాంబు మనకే ఏత్తారు. సూత్తూ ఉండండి." హైదరాబాదు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరి బావమరిదో, "రాజధానిని వదిలేసి మీకెందుకు వేస్తారండీ" అన్నాడు. అతను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ టీకొట్టు దగ్గర ఎవరూ అతన్ని పలకరించలేదు.

ఈ వేడిలో శ్రీరామ్మూర్తి ఓ నాటిక రాశాడు. పేరు 'మీట'. పేరు లేని రెండు దేశాలు. ఒకదానికి అధినేత ఒకడు, పక్కన ఓ సేనాపతి. యుద్ధం ముదిరి చివరికి బాంబు వేసే మీట అధినేత ముందుకొస్తుంది. ఆయన నొక్కుతాడు. వెనక ఓ ఊరు ఊరంతా నేలకూలుతుంది. తెర. యుద్ధం వద్దని చెప్పే నాటిక ఇదని శ్రీరామ్మూర్తి ఉద్దేశం. బాంబు పడితే గాని వద్దన్న సంగతి జనానికి ఎక్కదని ఆయన వాదన.

అధినేత వేషానికి గొంతు కావాలి. సమితిలో గొంతున్నవాడు ఒక్కడే. శ్రీరామ్మూర్తి ఇష్టం లేకుండానే అర్జునరావుని పిలిచి కూర్చోబెట్టాడు.

"గొంతు కావాలి, రాగం వద్దు. పోటీలో స్క్రిప్టు ముందుగానే జడ్జీల చేతుల్లో ఉంటుంది. ఒక్క మాట అటూ ఇటూ అయినా మనం అవుట్. మీరు దారి తప్పారంటే వచ్చే పోటీకి ఈ వేషం ఉమామహేష్‌కి వెళ్ళిపోతుంది. తరవాత నన్ను అడగొద్దు."

ఉమామహేష్ అంటే సేనాపతి వేషం కుర్రాడు. ద్వారకా నగర్లో కంప్యూటరు కోర్సు చదువుతూ, అర్జునరావు డైలాగులన్నీ కూడా ముందుజాగ్రత్తగా బట్టీపట్టి పెట్టుకున్నాడు. మర్యాదస్తుడు. "మావయ్యా, మీకు జలుబు చేసినా ఏం పర్వాలేదు" అంటూ ఉండేవాడు.

అర్జునరావుకి యాభై అయిదు నిండాయి. ఇన్నేళ్ళలో వన్స్ మోర్లు లెక్కలేనన్ని వచ్చాయి గాని ఉత్తమ నటుడి షీల్డు ఒక్కటంటే ఒక్కటి రాలేదు. ఈ వేషం కూడా పోతే ఇక మిగిలేది తెర లాగే పని. ఆ మాట తల్చుకుంటేనే ఆయనకి అన్నం సయించేది కాదు. స్టేజి లేకపోతే తను కేవలం పొట్ట ఉన్న క్రేన్ ఆపరేటరని ఆయనకి బాగా తెలుసు. అందుకని బుద్ధిగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని రిహార్సల్ మొదలయ్యేసరికి అనుమానాలు మొదలయ్యాయి.

"రాజు ఎవులినడిగి నొక్కతాడు?" అన్నాడు మొదటి రోజే.

"ఎవరినీ అడగడండీ. ఆయనే అధినేత."

"మంత్రులుంటారు గదా?"

"ఉంటారు. మన సమితిలో అంతమంది నటులు లేరు."

"పోనీ రాయబారం? యుద్ధం ముందు రాయబారి ఎల్లాల గదా. ఆడు అక్కడ అవమానం పడి రావాల. అప్పుడు మనకి కోపం వత్తాది. కోపం రాకండా ఎలగ నొక్కీడం?"

"నాటిక నలభై నిమిషాలు. రాయబారానికి టైము లేదు."

అర్జునరావు గెడ్డం గోక్కున్నాడు. "అంటే టైం నేక బాంబేత్తన్నామా?"

శ్రీరామ్మూర్తి రెండో పెన్ను తీసి ఆ పూట రిహార్సల్ కొట్టేశాడు.

ఇంట్లో సాధన ఇంకో రకంగా సాగేది. అర్జునరావు టిఫిను డబ్బా మూత బోర్లించి, దాని ఎదుట నించుని, కనుబొమలు ముడిచి వేలు దించేవాడు. చింతపండు పిసుకుతూ గంగాలమ్మ చూసేది.

"ఆ మీట నొక్కితే ఎంతమంది పోతారు?"

"ఊరంత."

"ఆళ్ళేటి సేసినారు?"

"అది రాయనేదు."

"కనుక్కోకండా నొక్కీడమే?"

"నానేటి కలెట్టర్నేటి కనుక్కోడానికి? రాజుని," అని కసిరి, ఆయన మళ్ళీ మొదట్నుంచి కనుబొమలు ముడుచుకున్నాడు.

మీట కోసం శ్రీరామ్మూర్తి ఓ సోడా మూతకి ఎర్ర రంగు వేసి తెచ్చాడు. దాన్ని చూసి అర్జునరావు ముఖం మాడిపోయింది. సోడా మూతతో దేశాన్ని తగలెయ్యడం రాజుకి పరువు తక్కువ. ఆయన నేరుగా ఇంటికి వెళ్ళి, స్క్రూడ్రైవరు తీసుకుని, గుమ్మం పక్కనున్న కాలింగ్ బెల్ స్విచ్చి ఊడదీసి, చెక్కపెట్టెకి బిగించి తెచ్చాడు. నొక్కితే టక్కుమంటుంది. ఆ టక్కులో దర్జా ఉందని శ్రీరామ్మూర్తి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది.

పద్యం దగ్గర మాత్రం పేచీ తెగలేదు. మీట నొక్కేముందు ఒక్క పద్యమైనా లేకపోతే వేలు కదలదన్నాడు అర్జునరావు. ఈ కాలం అధినేతలు పద్యాలు పాడరన్నాడు శ్రీరామ్మూర్తి. "పాడుంటే ఆ కాసేపైనా బాంబాగును గదా" అన్నాడు అర్జునరావు. వారం రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. చివరికి శ్రీరామ్మూర్తే దిగొచ్చి, పళ్ళు నూరుకుంటూ ఒక తేటగీతి రాసిచ్చాడు.

మీట నొక్కెద నే నిదె మేటి రిపుల
బూది జేసెద నొక్కటే బొబ్బతోడ
రాజునైతిని నాపైన రాజు లేడు
చూడు డిదె నాదు కోపంబు చుట్టుముట్టు

పద్యం చదువుకుని అర్జునరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మూడో పాదంలో తను ఎంత రాగం తియ్యగలడో ఆయనకి అప్పుడే కనబడింది.

పోటీలు వన్ టౌన్లో పెట్టారు. అక్కడి హోల్‌సేల్ వర్తకుల సంఘం ఏటా జరిపే ఉత్సవమది. వీధికి అడ్డంగా పందిరి, గోతాల వాసన, ముందు వరసలో సోఫాలు, సోఫాల పక్కన బల్ల మీద నిగనిగలాడే ఉత్తమ నటుడి షీల్డు. వీళ్ళదే మొదటి నాటిక, దీపాలు పెట్టే వేళకి.

ఊరి జనం వేషాలకి ఏ పేటకి వెళ్తే ఆ పేటవాళ్ళనే ఎక్కించడం సమితికి పాత అలవాటు. మాటలుండవు, బాంబు పడగానే పడిపోవడమే పని. ఈసారి హార్బరు దగ్గర చేపలమ్మే ఆడవాళ్ళు ఓ పదిమంది దొరికారు. వాళ్ళ పెద్ద తవిటమ్మ. బజారంతా ఆవిడ నోటికి జడుస్తుంది. మధ్యాహ్నం బేరాలు ముగించుకుని, తట్టలు పందిరి వెనక పెట్టి, చేతులు కడుక్కుని స్టేజి ఎక్కింది. టీ, మిరపకాయ బజ్జీ ఇస్తామన్నారు. ఫోటో కూడా తీస్తామన్నారు.

"ధన్ మని చప్పుడు రాగానే పడిపోండి. తెర పడేదాకా లేవకండి," అని చెప్పాడు శ్రీరామ్మూర్తి.

"ఏపుకి తలెట్టి పడాల?" అంది తవిటమ్మ.

"ఏ వైపైనా ఒకటేనమ్మా."

"ఒకటెలగవుద్ది బాబూ! సచ్చినోల తల దచ్చినానికుండాల. ఆ మాత్రం తెలకండా నాటకం రాసీసినావా?" ఆవిడ పందిట్లో దిక్కులు చూసుకుని అందర్నీ వరసలో నిలబెట్టింది. శ్రీరామ్మూర్తికి చెమటలు పట్టాయి. స్క్రిప్టులో దిక్కుల ప్రస్తావన లేదు మరి.

ఏర్పాటు ఇలా ఉంది. అర్జునరావు జనం వైపు ముఖం పెట్టి ముందు నిలబడతాడు. ఊరు ఆయన వీపు వెనక. ఆయన మీట నొక్కితే, అది చూసి సమితిలో చప్పుళ్ళు చూసుకునే సూరన్న పక్కతెర చాటున ఖాళీ ఆయిలు డ్రమ్ము మీద ఇనప రాడ్డుతో ఒక్కటి వేస్తాడు. డ్రమ్ము మోగితే ఎర్రలైటు వెలుగుతుంది, ఊరు కూలుతుంది, తెర లాగేవాడు తెర లాగుతాడు. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా ఎవరూ ఆలోచించాల్సిన పని లేదు.

నాటిక పొల్లుపోకుండా నడిచింది. అర్జునరావు ఒక్క మాట మార్చలేదు, ఒక్కచోట రాగం తియ్యలేదు. పక్కతెర చాటున శ్రీరామ్మూర్తి స్క్రిప్టు మీద వేలు పెట్టుకుని పేజీలు తిప్పుతున్నవాడల్లా, సగం దాటాక నమ్మకం కుదిరి వేలు తీసేశాడు. పద్యం వచ్చింది. ఇన్నాళ్ళూ నొక్కిపెట్టి ఉంచిన గొంతంతా అర్జునరావు ఒక్కసారిగా విప్పాడు. హమాలీలు బీడీలు ఆర్పేశారు. మేడల మీది కిటికీలు తెరుచుకున్నాయి. నాపైన రాజు లేడంటూ ఆయన తారస్థాయిలో నిలబడితే, అవును లేడనే అనిపించింది అందరికీ. చుట్టుముట్టు అని ముగించి వేలు దించాడు. టక్. ధన్. ఎర్రలైటు. తవిటమ్మ ఊరంతటితో దక్షిణం వైపు తలపెట్టి పడిపోయింది.

చప్పట్లతో పందిరి ఊగింది. తెర సగానికి వచ్చిందో లేదో, ముందు సోఫాలోంచి సంఘం అధ్యక్షుడు, బెల్లం వ్యాపారి, లేచి నిలబడి అరిచాడు: "వన్స్ మోర్!"

వెంటనే వీధి వీధంతా అందుకుంది. జడ్జీలు ముఖముఖాలు చూసుకున్నారు. పోటీ పెట్టినాయనే అడుగుతుంటే కాదనేదెవరు? కానివ్వమన్నట్టు ఒకాయన తలూపాడు. పక్కతెర చాటునుంచి శ్రీరామ్మూర్తి వద్దు వద్దని రెండు చేతులూ ఊపుతున్నాడు. అర్జునరావు అటు చూడనే లేదు. ఎన్నేళ్ళయిందో ఆ మాట విని! ఒళ్ళంతా పులకరించిపోయింది. ఆ క్షణాన షీల్డు తనదేనని ఆయనకి తెలిసిపోయింది. తెర మళ్ళీ పైకి లేచింది.

మళ్ళీ పాడాలంటే మళ్ళీ ఊరుండాలి. అంచేత ఊరు లేస్తోందో లేదోనని ఆయన వెనక్కి తిరిగాడు.

రిహార్సల్లో అక్కడ ఎప్పుడూ ఎవరూ లేరు. నాటికలో ఆయన అటు తిరిగే సందర్భం లేదు. ఇప్పుడు చూస్తే, చచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే లేస్తున్నారు. ఒకావిడ ముసలమ్మ నడుం పట్టుకుని లేవదీస్తోంది. ఇంకొకావిడ పక్కదాని వీపు మీది దుమ్ము దులుపుతోంది. ఒకామె జుట్టు విప్పి మళ్ళీ ముడేసుకుంటోంది. "ఈపాలి నువ్వటు పడవే, నా కాలు ఇరిగిపోనాది" అని ఎవరో సణిగారు. తవిటమ్మ పమిట సర్దుకుని, అందర్నీ మళ్ళీ వరసలోకి తెచ్చి, అర్జునరావు వైపు చూసి చెయ్యి ఊపింది.

"మాం రెడీయే బాబూ. కానీ."

అర్జునరావు ముందుకి తిరిగాడు. పక్కతెర చాటునుంచి హార్మోనియం మళ్ళీ శృతి ఇచ్చింది. మొదటి పాదం ఎత్తుకున్నాడు. రెండోది అందుకున్నాడు. గొంతు గంటలా ఉంది, జనం ఊగుతున్నారు. మూడో పాదంలో రాజునైతిని అంటుండగా ఆయనకి వీపు మీద ఆ చూపులు తగిలాయి. కుళాయి దగ్గర వంతు కోసం నిలబడ్డట్టు ఓపిగ్గా నిలబడి ఉన్నారు వాళ్ళు. తను పాడటం అయిపోతే చావడానికి. బజ్జీలు తిని ఇళ్ళకి పోయే మనుషులని తెలుసు, ఇది నాటకమని తెలుసు. అయినా వేలు దిగలేదు. ఇందాక నొక్కింది కోపంతో కాదు, చప్పట్ల కోసం నొక్కాడు. అది తట్టగానే అర్జునరావుకి తనంటేనే భయం వేసింది.

నాలుగో పాదం పాడలేదు. చెయ్యి స్విచ్చి మీద గాల్లో ఉండిపోయింది.

"నొక్కండి మావయ్యా," అన్నాడు సేనాపతి పెదవులు కదపకుండా.

"కోపంబు, కోపంబు!" అని పక్కనుంచి శ్రీరామ్మూర్తి మాట అందించాడు, మరిచిపోయాడనుకుని. సూరన్న రాడ్డెత్తి పట్టుకుని ఉన్నాడు, భుజం లాగేస్తోంది. అర్జునరావు బల్ల మీది షీల్డు వైపు చూశాడు. చాలా అందంగా ఉంది. నొక్కకపోతే అది పోతుంది, వేషం పోతుంది. అవి పోయాక స్టేజి మీద తనకి మిగిలేది ఏమీ లేదు. అంతా తెలిసే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాను నొక్కను," అన్నాడు.

ఏళ్ళ తరబడి స్టేజి మీద ఆయన ఇంటి భాష మాట్లాడి ఎరగడు. జనం గొల్లున నవ్వారు, ఇదీ నాటకంలో తమాషాయే అనుకుని. బెల్లం వ్యాపారి మాత్రం నవ్వలేదు. "అదేంటయ్యా, వన్స్ మోర్ అన్నాం కదా!" అన్నాడు, తూకంలో తేడా వచ్చినట్టు.

"పద్యం కావాలంటే పొద్దున్న దాకా పాడతాను. ఇది మాత్రం ఓపాలి నొక్కీసినాను, సాలు."

అక్కడితో చిక్కు వచ్చి పడింది. మీట నొక్కితే గాని డ్రమ్ము మోగదు. డ్రమ్ము మోగితే గాని తెర పడదు. తెర లాగేవాడు తాడు పట్టుకుని డ్రమ్ము వైపు చూస్తున్నాడు, డ్రమ్ము దగ్గరున్నవాడు మీట వైపు చూస్తున్నాడు. స్టేజి నిండా మనుషులు, ఏం చెయ్యాలో ఒక్కరికీ తెలీదు. చావడం దాకానే రాసి ఉంది. బతికిపోయినవాళ్ళకి శ్రీరామ్మూర్తి ఒక్క మాటా రాయలేదు.

చివరికి తవిటమ్మే ఒకడుగు ముందుకేసింది. "అయితే మాం సావక్కర్నేదా బాబూ?"

"అక్కర్నేదమ్మా."

"మరెల్లిపోమా? తెల్లారకుండా ఏలం పాటకెల్లాల."

"ఎల్లిపోండి," అన్నాడు అర్జునరావు.

వాళ్ళు స్టేజి ముందు మెట్ల మీంచే దిగి, జనం మధ్యలోంచి, సోఫాలకి అడ్డంగా, "తప్పుకోండి, తప్పుకోండి" అనుకుంటూ తట్టల దగ్గరికి వెళ్ళిపోయారు. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ముందు వరసల్లో ముసలాయనకి మతిమరుపు వచ్చిందన్నారు. జడ్జీలు ముగింపు లేదని రాసి మార్కులు కొట్టేశారు. షీల్డు ఆ తరవాత వచ్చిన నాటికలో తాగుబోతు వేషానికి వెళ్ళింది.

నాటిక సామాను గాజువాకలో దింపాలని అందరూ ఒకే బస్సెక్కారు. శ్రీరామ్మూర్తి చాలాసేపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ములగాడ దాటాక ఇక ఉండబట్టలేకపోయాడు. "నా నాటికని సర్వనాశనం చేసేశారండీ!"

"నాశనం సెయ్యమంటే సెయ్యనేదనే గదా నీ కోపం?" అన్నాడు అర్జునరావు.

ఉమామహేష్ నవ్వు ఆపుకోలేక టికెట్టు నోట్లో కుక్కుకున్నాడు. శ్రీరామ్మూర్తి మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఇంట్లో గంగాలమ్మ ఏమైందని అడిగింది. చెప్పాడు. ఆవిడ "మంచి పనే సేసినారు," అని కంచం పెట్టి, "మరి బెల్లో?" అంది. అది ఇక సమితి సొత్తు. వేషం ఎవరిదైనా మీట అదే.

మాట ప్రకారం అధినేత వేషం ఉమామహేష్‌కి వెళ్ళింది. కుర్రాడు బాగా చేశాడు. పద్యాన్ని శ్రీరామ్మూర్తి కొట్టేశాడు గనక, ఒక్క నిమిషంలో చకచకా నొక్కేసేవాడు. అర్జునరావుకి శ్రీరామ్మూర్తి తెర పని ఇవ్వలేదు, ఎలా లాగుతాడోనని నమ్మకం లేక. ఊరి జనంలో పడేశాడు. అక్కడైతే మాటలు లేవు, పాడు చెయ్యడానికి ఏమీ లేదు. ముప్ఫై ఏళ్ళు రాజు వేషాలు కట్టినవాడు ఓ పాత లుంగీ కట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు. అవమానమే. ఆయన కాదనలేదు, దాచుకోలేదు. అయినా మానలేదు.

అనకాపల్లి పోటీలో ఆయన ఆ కుర్రాడి వీపునే చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా వేలు లేచే వేళకి, కిందివాళ్ళకి వినబడకుండా, "ఓపాలి ఇటు సూడరా నాయనా" అన్నాడు. ఉమామహేష్‌కి వినబడింది. భుజం కదిలింది. కాని లైటు ముఖం మీద ఉంది, చప్పట్లు అప్పటికే మొదలయ్యాయి. నొక్కేశాడు.

అర్జునరావు అందరితో పాటు పడ్డాడు. పడ్డాడే గాని కళ్ళు మూసుకోలేదు. తెర పడేదాకా ఆ కుర్రాడి వైపే చూస్తూ ఉండిపోయాడు. చచ్చినవాడు కళ్ళు తెరుచుకుని ఉంటే మార్కులు పోతాయని శ్రీరామ్మూర్తి పక్కతెర చాటున కంగారుపడిపోయాడు. ఒక్క మార్కు పోలేదు. షీల్డు వీళ్ళకే వచ్చింది. చచ్చినవాళ్ళ వైపు జడ్జీలు ఎవరూ చూడలేదు.